ద్రాక్షతోటలో చెట్టు: నేలలోని ప్రాణికోటి



తమలపాకు తోటలోని అవిసెచెట్టు మీరెల్లరు ఎరిగినదే. అది తీగెకు ఊత, లేతయాకునకు నీడ. రాలిన యాకు నేలకు ఎరువు. ద్రాక్షకును ఇట్టి యేర్పాటు ఇటలీ దేశమున ప్రాచీనకాలము నుండి కలదు. క్రీ. శ. మొదటి శతాబ్దమున కొలుమెల్లా అను వ్యవసాయ గ్రంథకర్త, ఎల్ము చెట్లపై ద్రాక్షను ప్రాకించు విధమును వివరించెను. నేపుల్సు చెంతనున్న అవెర్సాలో నేటికిని కొన్ని తోటలందు ద్రాక్ష పాప్లరు చెట్లపై ఎత్తుగా ప్రాకుచున్నది. తక్కిన చోట్ల కంబములు, కమ్మీలు వచ్చి, చెట్లు చాలవరకు తొలగిపోయినవి.

చెట్టు పోయినందున నేలకు కలిగిన నష్టమెట్టిది? పలుమార్లు దున్నబడి, ఎండకు మాడు నేలలో జీవాంశము తరుగును. బూజు తెగులునకై 1885లో ఫ్రాన్సున మిలార్డె పండితుడు ప్రకటించిన మైలుతుత్తము, సున్నముల మిశ్రమము తోటలను కాపాడినది. కాని అందలి రాగి పైమంటిలోనే నిలిచి, ఏటేట పేరుకొని, వానపాములకు కీడు చేయును.

చెట్ల వరుస క్రింద నాగలి తిరుగదు. ఆకు రాలును, సన్నవేళ్ళు పుట్టి చచ్చును. అదియే మంటిలోని జీవులకు ఆహారము. ఫ్రాన్సున మోంపెల్యే చెంత రెస్తాంక్లియేర్ క్షేత్రమున 1995లో నాటిన అక్రోటు చెట్ల నడుమ గోధుమ పండించి పరీక్షింపగా, మంటిలో పెరిగిన కర్బనము ముఖ్యముగా చెట్ల వరుసలయందే కానవచ్చినది. అది గోధుమ పొలమైనను, దున్నని వరుస చేయు మేలు ద్రాక్షతోటకును వర్తించును.

వేరొక విశేషము గలదు. ద్రాక్షవేళ్ళలో నివసించు మేలుచేయు శిలీంధ్రము దూరపు భాస్వరమును తెచ్చి తీగెకిచ్చి, ప్రతిఫలముగా చక్కెరను గైకొనును. ఎల్ము, పాప్లరు, అవిసె చెట్ల వేళ్ళును ఈ తెగ శిలీంధ్రమునకు ఆశ్రయమిచ్చును. పైను, ఓకు చెట్లను ఆశ్రయించునది వేరు తెగ. అది ద్రాక్షకు ఉపకరింపదు. పైగా ఓకు అడవి కొట్టి ద్రాక్ష నాటిన కాలిఫోర్నియా తోటలలో, మిగిలిన మోళ్ళ నుండి వేరుకుళ్ళు తీగెలకు సోకినది. కావున చెట్టును కొట్టినప్పుడు వేళ్ళు కూడ త్రవ్వి తీయవలెను.

అయినను చెట్టు ఊరక ఉపకరించునది కాదు. అది నీటికి పోటీపడును. రాబోవు కాపు గుత్తులు మొగ్గలో రూపొందుటకు ఎండ కావలెను గనుక, దట్టమగు నీడ కాపును తగ్గించును. అందుచే వరుసలను ఉత్తర దక్షిణములుగా నాటి, కొమ్మలను కత్తిరించి ఆ రొట్టను నేలపై పరచవలెను. చెట్టు లేతగానున్ననాటి నుండి వరుసప్రక్కను ఏటేట దున్నినచో, పైవేళ్ళు తెగి, తక్కినవి లోతునకు దిగును.

తోట గల సభ్యులు మొదట పొలముగట్టున ఒక్క వరుస మాత్రమే నాటి చూడుడని మా సలహా. కొన్ని యేండ్లకు వానకాలమున, చెట్టుక్రింద ఒకటి, తోటనడుమ ఒకటి, అడుగు లోతు గుంటలు త్రవ్వి వానపాములను లెక్కించుడు. ఏ వరుస నిలుపదగినదో, ఏది తీయదగినదో ఆ లెక్కయు, కాపు తూకమును కలిసి తెలుపును.