పుట్టీ దుమ్ము ముందు వాక్యూమ్ క్లీనర్ ఎందుకు నిలవదు?

బీబీపేటలో గానీ, పక్కనున్న దోమకొండలో గానీ, కొత్త ఇల్లు పూర్తయ్యే చివరి రోజులు ఒకే తీరుగా ఉంటాయి. గోడలకు రెండు కోట్లు పుట్టీ పెట్టి, ఆరాక ఎమరీ పేపర్‌తో రుద్దుతారు. ఇంకో గదిలో స్కర్టింగ్ కోసం టైల్స్ కోస్తుంటారు. సాయంత్రానికి కిటికీ చువ్వల మీద, స్విచ్ బోర్డుల మీద, అల్మారా అరల్లో తెల్లటి పొర పేరుకుంటుంది. చీపురుతో ఊడిస్తే సగం పైకి లేచి మళ్లీ అక్కడే కూర్చుంటుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడుతుంటే, దుబాయ్ నుంచి తమ్ముడు తెచ్చిన వాక్యూమ్ క్లీనర్ అటక మీద ఉన్న సంగతి ఎవరికో గుర్తొస్తుంది. గల్ఫ్ వలసలకు పేరుపడ్డ కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో అలాంటి మిషన్ ఉన్న ఇళ్లకు కొదవ లేదు.

అది మొదట బాగానే లాగుతుంది. కాసేపటికి లాగుడు తగ్గుతుంది. మోత సన్నబడి కీచుమంటుంది. వెనక నుంచి తెల్లటి పొగలాంటిది వస్తుంది, వేడి వాసన కొడుతుంది, చివరికి ఆగిపోతుంది. "అన్నా, ఇది కొత్తదే, దుబాయ్ మాల్. గింత జల్ది ఎట్ల ఖరాబైంది?" అని రిపేరు షాపులో అడిగితే, "సిమెంట్ పట్టిచ్చిండ్రు కదక్కా" అంటాడు మెకానిక్. అతను చెప్పింది నిజమే. అందులో మిషన్ నాణ్యత తప్పేమీ లేదు. తివాచీల ఇళ్లలో వెంట్రుకలు, నూలు పోగులు, ఇసుక రేణువులు, రొట్టె ముక్కలు లాగడానికి చేసిన యంత్రానికి మనం ఇంకో పని చెప్పాం, అంతే.

రెండు పనులకూ తేడా రేణువు పరిమాణంలో ఉంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నేల మీది ఇసుక రేణువులు కొన్ని వందల మైక్రాన్లు. పుట్టీ రుద్దితే రాలే పొడిలో, టైల్ కోస్తే లేచే దుమ్ములో చాలా భాగం కొద్ది మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల దాకా ఉంటుంది. ఈ పొడి ఫిల్టర్ మీద పడగానే మొదట దాని సందుల్లోకి దూరుతుంది. సందులు నిండాక పైన పొరగా కడుతుంది. ఇక అక్కడి నుంచి గాలి ఆ పొర గుండానే పోవాలి. పొర మందం, రేణువులు సర్దుకున్న తీరు ఒకేలా ఉంటే, రేణువు వ్యాసం సగమైనప్పుడు గాలికి ఎదురయ్యే అడ్డంకి నాలుగు రెట్లవుతుంది. వ్యాసం పదో వంతయితే అడ్డంకి వంద రెట్లు. అందుకే సంచి నిండా నూలు, వెంట్రుకలు పట్టినా ఊపిరాడే మిషన్ గుప్పెడు పుట్టీ దుమ్ముతో ఉక్కిరిబిక్కిరి అవుతుంది. డబ్బా చూస్తే దాదాపు ఖాళీగానే కనిపిస్తుంది కాబట్టి, లోపల ఏం జరిగిందో ఇంట్లోవాళ్లకు అంతు చిక్కదు.

ఇక మోటారు సంగతి. మామూలు ఇంటి వాక్యూమ్ క్లీనర్‌లో మోటారు నిమిషానికి 20,000 నుంచి 30,000 చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో పుట్టే వేడిని తీసుకుపోయేది ఫిల్టర్ దాటి వచ్చే గాలే. వేరే ఏర్పాటు ఉండదు. ఫిల్టర్ మూసుకుపోతే మోటారుకు చల్లదనం కూడా ఆగిపోతుంది. మోత కీచుగా మారినప్పుడు మోటారు ఎక్కువ బరువు మోస్తోందని అనుకుంటాం. నిజానికి దాని మీద బరువు తగ్గుతుంది. ఫ్యాన్ నెట్టడానికి గాలి అందక, మోటారు ఇంకా వేగంగా తిరుగుతుంది, స్వరం పైకి పోతుంది. గొట్టం మూతికి ఒక్క క్షణం అరచెయ్యి అడ్డం పెట్టి వింటే ఇదే మార్పు తెలుస్తుంది. పని మధ్యలో ఆ కీచుధ్వని వినిపించిందంటే అప్పటికప్పుడు స్విచ్ ఆపాలి. చాలా మిషన్లలో వేడెక్కితే దానంతటదే ఆగిపోయే కటాఫ్ ఉంటుంది. చల్లారాక మళ్లీ తిరిగిందని అదే ఫిల్టర్‌తో పని కొనసాగిస్తే, ఒకసారి కాకపోతే ఇంకోసారి వైండింగ్ కాలుతుంది. ఫిల్టర్ అంచుల నుంచి జారిపోయిన పొడి మరో పక్క నుంచి మోటారు పని పడుతుంది. కార్బన్ బ్రష్‌లను అరగదీస్తుంది, బేరింగుల్లోకి దూరుతుంది.

ఫిల్టర్‌ను దాటిన పొడి మోటారు దగ్గర ఆగదు, ఇంట్లోకే తిరిగొస్తుంది. మిషన్ వెనక లేచిన తెల్లటి పొగ అదే. నాకు మోటారు కంటే దీని గురించే ఎక్కువ ఆందోళన. కదలని గాలిలో 100 మైక్రాన్ల రాతి రేణువు రెండు మీటర్ల ఎత్తు నుంచి నాలుగైదు సెకన్లలో నేల చేరుతుంది. 10 మైక్రాన్లదైతే నాలుగు నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు సుమారు ఆరు గంటలు కావాలి. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఆ లెక్క కూడా ఉండదు. గది శుభ్రంగా కనిపిస్తున్నప్పుడు కూడా గాలిలో తేలుతున్నది ఈ సన్నరకమే. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేదీ ఇదే. గ్రానైట్, విట్రిఫైడ్ టైల్ కోసినప్పుడు లేచే దుమ్ములో స్ఫటిక సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో ఆ జబ్బు పేరు ఉండేది. ఇల్లు కట్టే చోట టైల్స్ కోసే మనిషి మాత్రం ఫ్యాక్టరీ కార్మికుడి లెక్కలోకి రాడు. అతని వెనక ఊడ్చే ఆడమనిషి ఏ లెక్కలోకీ రాదు.

మరి దుమ్మును ఫిల్టర్ దాకా రాకుండా ఆపే దారి ఉందా? కామారెడ్డి నుంచి ఏ వైపు పోయినా రైస్ మిల్లుల కప్పుల మీద రేకు గరాటాలు కనిపిస్తాయి. మిల్లులో వాటిని సైక్లోన్ అంటారు. గాలితో పాటు కొట్టుకొచ్చే ఊక, తవుడు, దుమ్ము ఇందులోకి పక్క నుంచి, గోడను రాసుకుంటూ ప్రవేశిస్తాయి. గాలి గుండ్రంగా తిరుగుతూ కిందికి దిగుతుంది. బరువైన రేణువులు గోడకు విసిరివేయబడి, వేగం పోగొట్టుకుని, కింది మూతిలోంచి జారిపడతాయి. గాలి మాత్రం నడిమి గొట్టం గుండా పైకి వెళ్లిపోతుంది. సెకనుకు 15 మీటర్ల వేగంతో 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో తిరిగే రేణువు మీద పనిచేసే బలం దాని సొంత బరువుకు సుమారు 230 రెట్లు. ఫిల్టర్ గుడ్డ లేదు, కాబట్టి మూసుకుపోవడానికి ఏమీ లేదు.

ఈ సూత్రాన్ని ఇంటి మిషన్‌లోకి తెచ్చిన బ్రిటిష్ ఇంజనీరు జేమ్స్ డైసన్‌కు దారి చూపింది కూడా మెత్తని పొడే. 1970ల చివర్లో అతని ఫ్యాక్టరీలో పౌడర్ పెయింట్ చల్లే చోట ఫిల్టర్ తెర మాటిమాటికీ మూసుకుపోయేది. కోత మిల్లు మీద రంపపు పొట్టును వేరుచేసే సైక్లోన్ చూసి అలాంటిదే కట్టించాడు. తర్వాత అదే పని ఇంటి వాక్యూమ్‌లో ఎందుకు జరగదని 5,127 నమూనాలు చేశాడు. సొంత పేరుతో మొదటి మోడల్ 1993లో వచ్చింది. మనకు అంత తిప్పలు అక్కర్లేదు. మూతకు బిగించుకునే చిన్న ప్లాస్టిక్ సైక్లోన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పెయింట్ అయిపోయిన 20 లీటర్ల బకెట్ ప్రతి కొత్త ఇంట్లోనూ ఉంటుంది. నేల మీది గొట్టం సైక్లోన్‌కు, సైక్లోన్ నుంచి ఇంకో గొట్టం మిషన్‌కు పెడితే, దుమ్ములో ఎక్కువ భాగం బకెట్‌లోనే పడిపోతుంది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. బకెట్ దళసరిగా ఉండాలి, మూత గాలి చొరకుండా బిగియాలి. మిషన్ గొట్టం పూర్తిగా మూసుకుపోతే లోపల పీడనం 20 కిలోపాస్కల్స్ దాకా తగ్గవచ్చు. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న మూత మీద అది సుమారు 140 కిలోల బరువు పెట్టినంత పని చేస్తుంది, పల్చటి బకెట్ అయితే నలిగిపోతుంది. రెండోది, చిన్న సైక్లోన్ కూడా కొద్ది మైక్రాన్ల కంటే సన్నని పొడిని పూర్తిగా ఆపలేదు. దాని వెనక మంచి ఫిల్టర్ ఉండాల్సిందే. సంచి వేసుకునే మిషన్ అయితే వాడి పారేసే సింథటిక్ సంచి వేయాలి. దాని విస్తీర్ణం ఎక్కువ, పొడితో సహా మూటగట్టి బయట పడేయవచ్చు. పాత మిషన్ల గుడ్డ సంచి మెత్తని పొడిని వదిలేస్తుంది. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ రేణువుల్లో నూటికి 99.97 వంతు పట్టగలదు. కానీ దాన్ని చివరి కాపలాగా ఉంచాలి. పుట్టీ మొత్తాన్ని దాని నెత్తిన వేస్తే రోజుకొకటి కొనాల్సి వస్తుంది.

ఫిల్టర్ మూసుకుపోయిందని చాలామంది పంక్చర్ షాపుకు తీసుకెళ్లి కంప్రెసర్ గాలి కొట్టిస్తారు. దగ్గర నుంచి కొట్టిన ఆ గాలికి ఫిల్టర్ పోగులు చినుగుతాయి. పైకి శుభ్రంగా కనిపించినా, అది ఇక సన్నని పొడిని ఆపదు. ఆరుబయట, గాలికి వీపు పెట్టి నిలబడి, మూతికి మాస్కు కట్టుకుని మెల్లగా తట్టాలి. కడగొచ్చని దాని మీద రాసి ఉంటేనే నీళ్లు ముట్టించాలి. అది కూడా పొడి మొత్తం దులిపాకే, ఎందుకంటే సిమెంట్ కలిసిన పొడి తడిస్తే సందుల్లోనే గట్టిపడుతుంది. పూర్తిగా ఆరకుండా మిషన్‌లో పెట్టకూడదు.

అసలు మిషన్ వంతు చివర రావాలి. పని ఆపాక ఫ్యాన్లు ఆపేసి, తలుపులు మూసి, రాత్రంతా వదిలేస్తే దుమ్ము చాలావరకు కిందికి దిగుతుంది. పొద్దున కుప్పలుగా ఉన్నదాన్ని రేకు ముక్కతో గీకి చాటలోకి ఎత్తాలి. ఊడ్చే ముందు నీళ్లు చిలకరించాలి. వాకిట్లో మట్టి లేవకుండా మన ఆడవాళ్లు సాన్పి చల్లడంలో ఉన్న శాస్త్రం ఇదే: రేణువుల మధ్య చేరిన నీటి పొర వాటిని ఒకదానికొకటి లాగి పట్టి ఉంచుతుంది, ముద్దలైన రేణువులు గాలిలోకి లేవవు. మిగిలిన పల్చటి పొరకు, స్విచ్ బోర్డుల అంచులకు, కిటికీ గాడులకు మాత్రం బకెట్ సైక్లోన్ తగిలించిన మిషన్ వాడాలి. తర్వాత తడిగుడ్డ.

ఇక వేరే మెత్తని పొడుల సంగతి. కట్టెల పొయ్యి బూడిదను మిషన్‌తో లాగకూడదు. బూడిద వేడిని బయటికి పోనివ్వదు. పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పు కణిక దాగి ఉండి, గొట్టంలో గాలి తగలగానే రాజుకుంటుంది. జిరాక్స్ షాపుల్లో ఒలికే టోనర్ 5 నుంచి 10 మైక్రాన్ల ప్లాస్టిక్ పొడి, దానికి ప్రత్యేక ఫిల్టర్ ఉన్న మిషన్లు వేరే ఉన్నాయి. పిండి గిర్నీలో, పసుపు, కారం పట్టే చోట జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పుట్టీ, టైల్ దుమ్ము మండవు. పిండి మండుతుంది. ఘనపు మీటరు గాలిలో కొన్ని పదుల గ్రాముల పిండి తేలుతుంటే ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది. ఇంటి మిషన్ మోటారులో కార్బన్ బ్రష్‌ల దగ్గర ఎప్పుడూ రవ్వలు లేస్తుంటాయి. ప్లాస్టిక్ గొట్టాన్ని రాసుకుంటూ పోయే పొడి స్థిర విద్యుత్తును కూడబెడుతుంది. అమెరికాలోని మినియాపోలిస్‌లో 1878 మే 2న పిండి మిల్లు పేలి 18 మంది చనిపోయారు. మన పక్క సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో 2025 జూన్ 30న సెల్యులోజ్ పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలిగొంది. సెల్యులోజ్ కూడా పిండిలాగే మండే పొడి. గిర్నీలో పిండిని చీపురుతో, మెల్లగా, పైకి లేవకుండా ఎత్తడమే మేలు.

ఇల్లు ఇంకా కట్టే దశలోనే ఉంటే, పెయింటర్‌తో బేరం మాట్లాడేటప్పుడే దుమ్ము గురించి మాట్లాడవచ్చు. గొట్టం తగిలించుకునే సాండింగ్ మిషన్‌తో రుద్దితే, పొడి గోడ మీద పుట్టిన చోటే లాగేయబడుతుంది. దానికి మోటారును వేరే గాలితో చల్లబరిచే వెట్ అండ్ డ్రై మిషన్ సరైనది. యూరప్‌లో ఇలాంటి యంత్రాలకు ఎల్, ఎం, హెచ్ అని మూడు తరగతులు పెట్టారు. ఎం తరగతిది వెయ్యి గ్రాముల దుమ్ములో ఒక గ్రాముకు మించి బయటికి వదలకూడదు. టైల్ కట్టర్‌కు నీటి ధార పెడితే సిలికా గాలిలోకి లేవకుండా బురదై కిందికి జారుతుంది. అందుకు ఒక ప్లాస్టిక్ సీసా, సన్నని పైపు, నీళ్లు పోసే మనిషి చాలు. కోసే అతనికీ, పక్కనుండే ఆమెకూ ఎన్-95 మాస్కులు ఇంటివాళ్లే కొనివ్వాలి. టైల్స్‌కు పెట్టే ఖర్చులో అది లెక్కలోకి రాదు.