పాత టూస్ట్రోక్ బండి: కొనుగోలు నుంచి పునరుద్ధరణ వరకు

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయినా తెలుగు రాష్ట్రాల్లో దానికి గిరాకీ తగ్గలేదు. పత్రాలన్నీ సక్రమంగా ఉండి బాగా నడిచే బండి, కొత్తగా అమ్మినప్పటి ధరకు ఎన్నో రెట్లు పలుకుతోంది. ఇంటి వరండాలో మామూలు పానాలతో విప్పి బాగుచేసుకోగలిగినంత సరళమైన ఇంజిన్ కావడం ఈ గిరాకీకి ఒక కారణం. అయితే భాగాలు తక్కువగా ఉన్న యంత్రంలో ఒక్కో భాగం మీద పడే భారం ఎక్కువ కాబట్టి, ఆ సరళత్వాన్ని చూసి పనిని తేలికగా తీసుకుని, రంగుతోనూ క్రోమ్ మెరుగుతోనూ మొదలుపెట్టేవారికి ఖర్చు రెండింతలవుతుంది. పత్రాలు, ఇంజిన్‌లో గాలి చొరబడని బిగువు, నూనె: ఈ మూడూ కుదిరాకే మిగతా హంగులు.

ఇంజిన్ పనిచేసే తీరు

ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఇంధనం మండుతుంది. టూస్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మండుతుంది. ఇందులో వాల్వులు తెరిచి మూసే క్యామ్ యంత్రాంగం ఉండదు. సిలిండర్ గోడలో కోసిన కంతలను, అంటే పోర్టులను, పిస్టనే పైకీ కిందికీ కదులుతూ తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు దాని కిందనున్న క్రాంక్‌కేసులో పీడనం తగ్గి, కార్బురేటర్ నుంచి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం లోపలికి వస్తుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు అదే మిశ్రమం ఒత్తిడికి లోనై, ట్రాన్స్‌ఫర్ పోర్టుల గుండా సిలిండర్‌లోకి ఎగదన్ని, కాలిన వాయువును సైలెన్సర్ వైపు నెట్టేస్తుంది. మిశ్రమం ఒకసారి లోపలికి వచ్చాక కార్బురేటర్ వైపు వెనక్కి పోకుండా ఆర్‌ఎక్స్ 100లో రీడ్ వాల్వు అనే పలుచని రేకుల అమరిక అడ్డుకుంటుంది. పాత జావా, రాజ్‌దూత్ బళ్లలో అదీ ఉండదు, ఆ పనిని కూడా పిస్టనే చేస్తుంది.

తాజా మిశ్రమం క్రాంక్‌కేసు గుండానే ప్రయాణిస్తుంది కాబట్టి అక్కడ ఇంజిన్ ఆయిల్ నిల్వ ఉంచే వీలు లేదు. బేరింగులకూ పిస్టన్‌కూ కావలసిన నూనె పెట్రోలుతో కలిసే వచ్చి, తన పని చేసి, మండిపోవాలి. టూస్ట్రోక్ బండి పొగ, వాసన ఇందువల్లనే. దీనికి తోడు ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుని ఉన్నప్పుడే తాజా మిశ్రమం సిలిండర్‌లోకి వస్తుంది గనుక అందులో కొంత కాలకుండానే బయటికి పోతుంది. తక్కువ బరువుతో ఎక్కువ శక్తినిచ్చిన ఈ ఏర్పాటే, 2000 ఏప్రిల్ నుంచి అమలైన ఉద్గార ప్రమాణాల తర్వాత మోటారు సైకిళ్లలో దాని అంతానికి దారితీసింది.

ఏ బండి కొనాలి

భారతదేశంలో ఈ తరహా బళ్లు మూడు ప్రధాన వర్గాలుగా కనిపిస్తాయి. మొదటిది మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1960వ దశకం ఆరంభం నుంచి 1996 వరకు తయారుచేసిన 250 సీసీ జావా, యెజ్ది బళ్లు. ఒకే సిలిండర్‌కు రెండు సైలెన్సర్లు, కిక్‌కూ గేరుకూ కలిపి ఒకే లివరు ఉండటం వీటి గుర్తు. రెండోది పోలండ్ నమూనా ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేసిన రాజ్‌దూత్ 175. గ్రామాల్లో పాల క్యాన్లు మోసిన ఈ బండిలో వేగం తక్కువ, ఓర్పు ఎక్కువ. మూడోది 1980వ దశకం మధ్యలో జపాన్ సాంకేతికతతో వచ్చిన నూరు సీసీ బళ్లు: హోసూరులో తయారైన ఇండ్-సుజుకి, కవాసాకి బజాజ్, 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100.

ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం కూడా అంతే. ఆ లెక్కన ఘనపరిమాణం 98 సీసీ. నూరు కిలోలకు అటూ ఇటూగా తూగే బండికి ఇది 11 హార్స్‌పవర్ ఇస్తుంది. ఇంట్లో తొలిసారి ఈ పనికి పూనుకునేవారికి విడిభాగాల లభ్యతే ప్రధాన కొలమానం కావాలి. ఇంజిన్‌ను బాగుచేయడం కన్నా, దొరకని సైడ్ ప్యానెల్ కోసమో అసలైన మీటరు కోసమో తిరగడమే ఎక్కువ కాలం తినేస్తుంది. అందువల్ల పనిచేయని ఇంజిన్ ఉన్నా భాగాలన్నీ ఉన్న బండి, నడుస్తూ సగం భాగాలు లేని బండి కన్నా మేలు.

పత్రాల పరీక్ష

సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని రవాణా శాఖ అధికారులకు చూపించి, ఐదేళ్లకోసారి గడువు పొడిగించుకోవాలి. యాజమాన్యం మార్పుకు 29, 30 ఫారాలు, యజమాని మరణించి ఉంటే వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31, వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి ఆర్టీవో కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కోసం ఫారం 28 అవసరమవుతాయి. ఎప్పుడో తీరిపోయిన అప్పుకు సంబంధించిన ఫైనాన్స్ నమోదు ఆర్‌సీలో అలాగే మిగిలిపోవడం పాత బళ్లలో తరచు ఎదురయ్యే చిక్కు. అప్పిచ్చిన సంస్థ సంతకంతో ఫారం 35 సమర్పిస్తే తప్ప అది తొలగదు.

చాసిస్ నంబరు హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద, ఇంజిన్ నంబరు క్రాంక్‌కేసు మీద చెక్కి ఉంటాయి. తుప్పును, మడ్డిని గుడ్డతో తుడిచి, ఆ అంకెలను ఆర్‌సీతో ఒక్కొక్కటిగా పోల్చాలి. అంకెల చుట్టూ ఆకురాయితో రుద్దిన గీతలున్నా, వరుస తప్పి ఉన్నా ఆ బేరం వదులుకోవడమే క్షేమం. ఇంజిన్ మార్చినా రంగు మార్చినా ఆ మార్పు ఆర్‌సీలో నమోదు కావాలి. 2021లో వచ్చిన ప్రత్యేక నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాహనాలకు మాత్రమే వింటేజ్ హోదా ఇస్తాయి, రోజువారీ వాడకాన్ని అనుమతించవు; కాబట్టి 1960ల నాటి జావాకు వర్తించే ఆ వెసులుబాటు ఆర్‌ఎక్స్ 100కు 2035కు ముందు వర్తించదు.

విప్పకుండానే తెలిసే సంగతులు

ఇంజిన్ లోపలి స్థితిని విప్పకుండా చూసే సౌలభ్యం టూస్ట్రోక్‌లోనే ఉంది. సైలెన్సర్‌ను సిలిండర్ దగ్గర విప్పి, ఎగ్జాస్ట్ పోర్టులోకి టార్చి వేసి, కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కుతుంటే పిస్టన్, రింగులు కంటి ముందే కదులుతాయి. పిస్టన్ పక్కభాగం నునుపుగా ఉంటే బోరు బాగున్నట్టు. నిలువు గీతలు లోతుగా పడి, అల్యూమినియం పూసుకుపోయినట్టు కనిపిస్తే ఇంజిన్ ఎప్పుడో పట్టేసిందని అర్థం. స్పార్క్ ప్లగ్ కొన బిస్కెట్ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టు, నల్లగా తడిగా ఉంటే పెట్రోలో నూనెయో ఎక్కువైనట్టు, తెల్లబారితే గాలి ఎక్కువై ఇంజిన్ వేడెక్కుతున్నట్టు గ్రహించాలి.

బోరు, పిస్టన్, క్రాంక్

హెడ్, సిలిండర్ తీశాక కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడాలి. పక్కలకు కొద్దిగా జరగడం సహజమే. నిలువుగా టక్కుమని కదిలితే మాత్రం దాని కింది బేరింగ్ అరిగినట్టు. అప్పుడు క్రాంక్‌ను ప్రెస్సు మీద విడదీసి, కొత్త రాడ్ కిట్ వేసి, రెండు చక్రాలూ ఒకే అక్షం మీద తిరిగేలా డయల్ గేజ్‌తో సరిచూడాలి కాబట్టి ఆ ఒక్క పని ఇంట్లో కాదు, అనుభవమున్న లేత్ షాపులోనే జరగాలి.

అరిగిన సిలిండర్‌ను పెద్దది చేసి, దానికి తగిన పిస్టన్ వేయడాన్ని రీబోరింగ్ అంటారు. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 మిల్లీమీటర్ల మెట్లలో సాధారణంగా 1.00 వరకు దొరుకుతాయి. ఆ హద్దు దాటితే సిలిండర్‌కు కొత్త స్లీవు వేయించాలి. ముందుగా పిస్టన్ కొని, దాన్ని కొలిచి, ఆ కొలతకు బోరు కోయించాలే గాని బోరు కోశాక పిస్టన్ వెతకకూడదు. కోత తర్వాత పోర్టుల అంచులు కత్తివాదరలా మిగులుతాయి; వాటిని సన్నని రాయితో ఏటవాలుగా రుద్దకపోతే రింగు ఆ అంచుకు తగులుకుని విరుగుతుంది. పిస్టన్ తల మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉండాలి, రింగు కొనలు పిస్టన్ గాడిలోని చిన్న పిన్నుకు అటూ ఇటూ అమరాలి.

గాలి చొరబడని బిగువు

క్రాంక్ రెండు చివరల్లో ఉండే ఆయిల్ సీళ్లు చౌకైన రబ్బరు వలయాలే అయినా ఇంజిన్ ఆయుష్షు వాటి మీదే ఆధారపడి ఉంటుంది. మాగ్నెట్ వైపు సీలు గట్టిపడి చీలితే బయటి గాలి లోపలికి చొరబడి మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ రేసింగ్ తగ్గదు, వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ క్రాంక్‌కేసులోకి లాగబడుతుంది. ఎంత దూరం నడిపినా తెల్లపొగ తగ్గదు, ఎక్కడా కారకుండానే గేర్ బాక్సులో ఆయిల్ మట్టం పడిపోతుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. కార్బురేటర్ తగిలించే చోటును, ఎగ్జాస్ట్ పోర్టును, ఆయిల్ పంపు గొట్టాన్ని రబ్బరు బిరడాలతో మూసి, పిస్టన్‌ను అడుగుకు దించి, ప్లగ్ కంత గుండా సుమారు 5 పీఎస్ఐ ఒత్తిడితో గాలి నింపాలి. టైర్ల గేజ్ ఇంత తక్కువ ఒత్తిడిని నమ్మకంగా చూపదు. 300 వరకు అంకెలుండే బీపీ పరికరపు మీటరులో 260 దగ్గరి గీత దాదాపు ఇదే ఒత్తిడి. ముల్లు కొన్ని నిమిషాల పాటు కదలకుండా నిలిస్తే బిగువు సరిపోయినట్టు. జారిపోతుంటే సబ్బు నురుగు రాస్తూ పోతే బుడగలు లేచిన చోటే లోపం.

నూనె, పెట్రోలు, ట్యాంకు

జావా, రాజ్‌దూత్ వంటి బళ్లలో 2టీ ఆయిల్‌ను పెట్రోల్‌లో చేత్తో కలపాలి; లీటరుకు 40 మిల్లీలీటర్లు కలిపితే నిష్పత్తి 25:1, 20 కలిపితే 50:1. తయారీదారు చెప్పిన నిష్పత్తినే పాటించాలి, డబ్బా మీద జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అనే ప్రమాణ గుర్తు చూడాలి. ఆర్‌ఎక్స్ 100లో వేరే ట్యాంకు నుంచి ఆయిల్‌ను పంపు అందిస్తుంది. గొట్టాలు విప్పినప్పుడు వాటిలో చేరిన గాలిని పూర్తిగా తీసేయాలి, పంపు పనిచేస్తున్నదని రూఢి అయ్యేవరకు పెట్రోల్‌లో కూడా ఆయిల్ కలపాలి. నూనె కలిసిన పెట్రోలుతో నడిచే బండి శ్రీశైలం వంటి ఘాట్ రోడ్డులో యాక్సిలరేటర్ మూసుకుని గేరులో దిగుతుంటే ఇంజిన్ వేగంగా తిరుగుతున్నా దానికి నూనె అందదు; అనుభవజ్ఞులు దిగుడులో కూడా నడుమనడుమ యాక్సిలరేటర్ తిప్పేది అందుకే.

2023 నుంచి బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, మిశ్రమాన్ని కొంత పలచబరుస్తుంది. కాబట్టి గొట్టాలు, కార్బురేటర్ రబ్బర్లు కొత్తవి వేసి, ప్లగ్ రంగు తెల్లబారుతుంటే మెయిన్ జెట్‌ను ఒక మెట్టు పెద్దది చేయాలి. ట్యాంకు లోపలి తుప్పును నిమ్మ ఉప్పు కలిపిన నీటితో ఒకటి రెండు రోజులు నానబెట్టి కరిగించి, వంట సోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పట్టించాలి. పెట్రోలు ఆవిరి మిగిలిన ట్యాంకుకు వెల్డింగ్ చేయడం ప్రాణాంతకం.

చివరి దశ

బ్రేకు లైనింగులు, కేబుళ్లు, టైర్లు, వైరింగు కొత్తవి వేశాక, బండిని ఒకసారి తాత్కాలికంగా బిగించి నడిపి చూసి, లోపాలన్నీ తీరాకే మళ్లీ విప్పి రంగుకు ఇవ్వాలి. ఈ వరుస తలకిందులైతే కొత్త రంగు మీదే పానాలు జారుతాయి. కొత్త బోరు పడిన ఇంజిన్‌ను మొదటి 500 కిలోమీటర్లు పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వకుండా, ఒకే వేగంతో ఎక్కువసేపు పోనివ్వకుండా, మధ్యలో ఆపి చల్లారనిస్తూ నడపాలి. కాలుష్య పరీక్షలో 2000కు ముందరి ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 4.5 శాతం, బోరు, సీళ్లు, కార్బురేటర్ సరిగా కుదిరిన టూస్ట్రోక్ ఆ పరిమితిలో ఇమడగలదు కాబట్టి, చేసిన పని ఎంత నాణ్యమైనదో రంగు కన్నా ఆ ధ్రువపత్రమే నిజాయితీగా చెబుతుంది.