అగరుపెట్టెతో వచ్చిన కాందిశీకుడు

ఒక నవంబరు మాసపు సాయంకాలమున, లండను సమీపమందలి గాట్విక్ విమానాశ్రయమున, అరువదియైదేండ్ల వృద్ధుడొకడు విమానము దిగి, ఇంగ్లీషు చక్కగా వచ్చియుండియు రానట్లే నటించుచు, తాను శరణార్థినని తెలుపు రెండుమూడు మాటలు మాత్రమే పలికి, అధికారి యెదుట మౌనముగా నిలుచును. అతని సంచిలో కొలది వస్త్రములతోపాటు చిన్న కొయ్యపెట్టె యొకటి కలదు. పెట్టెలో నున్నది అగరు. అధికారి మూత తెరచి, పరిమళము నాఘ్రాణించి, ఇదియేమని యడిగి, కడకు దానిని తనయొద్దనే యుంచుకొనును. ఆ అధికారి తలిదండ్రులును రుమేనియా నుండి శరణు వేడి వచ్చినవారే. అయినను వారు ఐరోపావారగుటచే వారి రాక వేరు, ఈ ఆఫ్రికా ముదుసలి రాక వేరని యతని దృఢవిశ్వాసము.

ఈ సన్నివేశముతో ఆరంభమగు నవల 2001లో వెలువడిన ‘బై ది సీ’. రచయిత అబ్దుల్‌రజాక్ గుర్నా. ఈయన 1948లో హిందూమహాసముద్రమందలి జాంజిబార్ ద్వీపమున జన్మించి, 1964 జనవరిలో అచ్చట చెలరేగిన విప్లవముచేతను, దాని వెంబడి వచ్చిన హత్యలచేతను, నిర్బంధములచేతను తానెరిగిన లోకము తలక్రిందులగుట చూచి, పదునెనిమిదేండ్ల ప్రాయమున ఇంగ్లండు చేరి, అచ్చటనే విద్యాభ్యాసము ముగించి, కెంట్ విశ్వవిద్యాలయమున చిరకాలము సాహిత్యమును బోధించెను. ఇంటిభాష స్వాహిలీ, వ్రాసినది ఇంగ్లీషున. 2021లో నోబెల్ బహుమానము వచ్చునాటికి ఆయన పది నవలలు ప్రకటించియుండియు, ఇంగ్లండులోనే సామాన్యపాఠకులనేకులకు ఆయన పేరు క్రొత్తగా వినబడినది.

మరల ఆ అగరు సంగతికి వత్తము. అగరుచెట్టు ఆరోగ్యముగా నున్నంతకాలము దాని కొయ్యకు పరిమళము లేదు. బూజు వంటి తెగులు సోకి, మ్రాను లోలోపల రోగగ్రస్తమైనపుడే ఆ సుగంధద్రవ్య మందు జనించును. ఈ విషయమును నవలలోని వృద్ధుడు, సాలెహ్ ఒమర్, తానే మనకు వివరించును. ఆ అగరును అతనికిచ్చినవాడు, ఋతుపవనముల ననుసరించి తెరచాప నౌకలలో వచ్చిపోవు వర్తకసమూహములో నొకడైన పారసీక వ్యాపారి. ఆ వ్యాపారితోడి స్నేహము ఋణపత్రముగాను, ఋణపత్రము గృహాపహరణముగాను, అది సాలెహ్ కుటుంబమునకును, ఆ యిల్లు కోల్పోయిన కుటుంబమునకును మధ్య తరములపాటు చల్లారని పగగాను పరిణమించును. సాలెహ్ ఒమర్ ఏండ్ల తరబడి చెరసాలలో మ్రగ్గుచుండగా భార్యయు, కుమార్తెయు మరణింతురు. తుదకు దేశము విడువదలచిన వానికి తన పేరిట ప్రయాణపత్రము దొరకమిచే, తన పగవాని పేరనే దానిని సంపాదించి ఇంగ్లండు చేరును. ఆ పేరు లండనులో నివసించు ఒక అధ్యాపకుని చెవిని బడును. అది అతని తండ్రి పేరు! ఇట్లు, స్వదేశమున ఎదురుపడినచో ముఖము త్రిప్పుకొనదగిన ఇరువురు, పరాయిదేశపు సముద్రతీరమున ఒక చిన్న గదిలో కూర్చుండి, ఒకరి కథ నొకరు సరిదిద్దుకొనుచు, మెల్లమెల్లగా బంధువుల వంటివా రగుదురు.

గుర్నా రచనలలో నాకు సర్వోత్కృష్టముగా తోచునది ఇదియే. వార్తాపత్రికలకు కాందిశీకుని చరిత్ర విమానాశ్రయమున మొదలగును. దానికి పూర్వము అతనికి ఇల్లు లేదు, అప్పు లేదు, పాపము లేదు, పాండిత్యము లేదు. ఉన్నది దైన్యము మాత్రమే. గుర్నా యట్లు తలచడు. అతని కాందిశీకుడు అన్యాయమునకు గురియైనవాడే కాక, అన్యాయము చేసినవాడును గావచ్చును. జాలిగొలిపి పాఠకుని వశపరచుకొనుట కంటె పూర్ణమనుష్యుని చూపి గౌరవము నర్థించుట కష్టతరమైన కార్యము. దానినే ఈయన ఎన్నుకొనెను.

ఈ వలసల వెనుక యుద్ధము కలదు. 1994 నాటి ‘ప్యారడైజ్’లో యూసుఫ్ అను పండ్రెండేండ్ల బాలుని తండ్రి తన ఋణమునకు మారుగా వర్తకునికి అప్పగించును, బాలుడు బిడారు వెంట ఖండాంతర్భాగమున కేగి తిరిగివచ్చునాటికి జర్మనులు సైనికులను సేకరించుచుందురు. 2020 నాటి ‘ఆఫ్టర్‌లైవ్స్’ ఆ యుద్ధములోనికే ప్రవేశించును. మొదటి ప్రపంచయుద్ధమనగా మనము ఫ్రాన్సులోని కందకములనే స్మరింతుము. తూర్పు ఆఫ్రికాలో జర్మనులకును బ్రిటిషువారికిని జరిగిన పోరులో, కాలిబాటల వెంబడి తుపాకిగుండ్లును తిండిగింజలును మోసి, ఆకలిచేతను జ్వరములచేతను రాలిపోయిన కూలీల నెవ్వరు తలచుకొందురు? సెట్సీ ఈగ కాటుకు పశువులు బ్రదుకని ఆ ప్రాంతములలో మనుష్యులే బండ్లును ఎద్దులును కావలసివచ్చెను. ఈ యుద్ధమునకును మనకును సంబంధము లేకపోలేదు. 1914 నవంబరులో టాంగా రేవున దిగి పరాజయము పొందిన బ్రిటిషు సేనలో అధికసంఖ్యాకులు భారతీయ సిపాయీలే. అందు మన పూర్వపు మద్రాసు రాజధాని దళములును గలవు.

‘ఆఫ్టర్‌లైవ్స్’లో హంజా అను యువకుడు జర్మను సేనలో ఆఫ్రికా సిపాయిగా చేరును. అధికారి యొకడు వానిని చేరదీసి జర్మను భాష నేర్పును. వేరొక జర్మనుడు క్రోధావేశమున కత్తితో నడుము క్రింద నరకి వికలాంగుని చేయును. ఒకే సేనాశిబిరమున విద్యయు వ్రణమును రెండును లభించిన ఆ హంజా, యుద్ధానంతరము ఊరు చేరి, వడ్రంగము నేర్చి, ఆఫియా అను యువతిని ప్రేమించి, జర్మను కవి షిల్లరు పద్యమును స్వాహిలీలోనికి మార్చి ఆమెకు వ్రాసియిచ్చును. ఆ ఆఫియా చిన్ననాట, వ్రాత నేర్చినదను నేరమునకు పెంచినవానిచే చేయి విరుగునట్లు దెబ్బలు తిన్నది. పాలకుల క్రౌర్యమును చూపునపుడు స్వజనుల క్రౌర్యమును దాచకుండుట యీ రచయిత నిజాయితీకి నిదర్శనము. ఆమె అన్న ఇలియాస్ జర్మనులను నమ్మి స్వచ్ఛందముగా యుద్ధమున కేగి, వారి దేశము చేరి, కడకు నాజీల నిర్బంధశిబిరమున మరణించుట నవల చివర తెలియును. ఈ తుదిఘట్టము త్వరితముగా నడచినదని నా యభిప్రాయము. ఇంకొక నూరు పుటలకు తగిన విషాదము కొలది పుటలలో నిమిడిపోయినది.

ఇంగ్లండు జీవితమును చిత్రించిన నవలలు వేరొక స్వరమున నడచును. ‘పిల్‌గ్రిమ్స్ వే’లోని దావూద్ ఆసుపత్రిలో చిల్లరపనులు చేయుచు, వీథిలో ఎదురగు తిరస్కారమునకు ప్రతిగా మనసులో ఉత్తరములు వ్రాసుకొనును. ‘అడ్మైరింగ్ సైలెన్స్’లోని కథానాయకుడు ఆంగ్లవనితతో కాపురము చేయుచు, ఆమెకును ఆమె తలిదండ్రులకును తన దేశమును గూర్చి వారు వినగోరిన కథలనే కల్పించి చెప్పి, ఏండ్లు గడచిన పిమ్మట ఇంటికి పోయి చూచునప్పటికి, అచ్చటివారికి చెప్పుటకును అతనియొద్ద నిజము మిగిలియుండదు. దూరదేశములలో కాపురముండి, ఇటువారికొక మాట, అటువారికొక మాట చెప్పవలసివచ్చుచున్న మన తెలుగువారు ఈ పుస్తకమును చదివినచో, తమ యింటి మాటలనే కొన్నింటిని విందురు.

గుర్నాను క్రొత్తగా చదువగోరువారు ‘బై ది సీ’తో మొదలిడి, పిదప ‘ప్యారడైజ్’, ‘ఆఫ్టర్‌లైవ్స్’ వరుసగా చదువవలెను. ఇవి నిదానముగా నడచు గ్రంథములు; మొదటి యేబది పుటలలో సంఘటనలు కొరవడినవని పుస్తకమును మూసివేయవలదు. మన ప్రకాశకులలో నెవ్వరైన పూనుకొని వీనిని మంచి తెలుగున వెలయించినచో, మన నవలాభిమానులకు అంతకు మించిన ఉపకారము లేదు.