‘ఇంటర్నేషనల్’ అనగానే డబ్బు కట్టేయకండి!

‘‘అన్నా, జూనియర్ కర్లింగ్ ఇంటర్నేషనల్ టోర్నీ అంట. లక్ష కడితే ఫారిన్ తీసుకెళ్తారంట. ఆ సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో గవర్నమెంట్ జాబ్ గ్యారంటీ అంట. కట్టేద్దామా?’’

మదనపల్లెలో ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్న ఓ తమ్ముడి నుంచి నాకొచ్చిన మెసేజ్ ఇది. నాన్న టమాటా అమ్మిన డబ్బు ఇంట్లో ఉందట. మూడు ‘అంట’లను నమ్మి లక్ష రూపాయలు పెట్టొచ్చా? ఇలాంటి మెసేజ్ రేపు పుంగనూరులోనో, కుప్పంలోనో మీకూ రావచ్చు. అందుకే ముందు ఆటేంటో, అసలు దారేంటో చూద్దాం.

ఏమిటీ కర్లింగ్?

ఇది మంచు మీద ఆడే ఆట. జట్టుకు నలుగురు. దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయిని పిడి పట్టుకుని జార్చి వదులుతారు. సుమారు 45 మీటర్ల పొడవున్న మంచు పట్టీ అవతలి చివరన గీసిన వలయాల మధ్యకు అది చేరాలి. సహచరులు రాయికి ముందు మంచును బ్రష్‌లతో గట్టిగా రుద్దుతారు. దాంతో రాయి ఇంకాస్త దూరం వెళ్తుంది, వంపు తగ్గుతుంది. ఒక్కో రౌండులో ప్రతి జట్టూ 8 రాళ్లు వేస్తుంది. 1998 నాగానో నుంచి ఇది వింటర్ ఒలింపిక్స్‌లో పతక క్రీడ.

కుప్పం వాళ్లకు గ్రానైట్ గురించి చెప్పనక్కర్లేదు. ‘కుప్పం గ్రీన్’ పేరుతోనే ఒక రకం రాయి అమ్ముడవుతోంది. ఒలింపిక్స్‌లో వాడే రాళ్లు మాత్రం స్కాట్లాండ్ తీరంలోని ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి గ్రానైట్‌తో చేస్తారు. ఆ రాయి నీటిని చాలా తక్కువగా పీలుస్తుంది. లోపలికి నీరు చేరి గడ్డకడితే రాయి పగులుతుంది కదా! సివిల్ విద్యార్థులు ల్యాబ్‌లో చేసే వాటర్ అబ్సార్‌ప్షన్ పరీక్షకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఇంటర్వ్యూలో చెప్పి చూడండి.

అసలు దారి ఇదీ

ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్ అబ్బాయిలకు 1975లో, అమ్మాయిలకు 1988లో మొదలైంది. నిర్వహించేది స్కాట్లాండ్‌లోని పెర్త్ కేంద్రంగా పనిచేసే ‘వరల్డ్ కర్లింగ్’. కింది మెట్టుగా 2016 నుంచి జూనియర్-బి పోటీలూ జరుగుతున్నాయి. జట్టును పంపేది ఆ దేశ జాతీయ సమాఖ్యే. ఎవరికి వారు డబ్బు కట్టి పేరు రాయించుకునే పోటీ కాదిది. పైగా వయసు 21 దాటకూడదు. పోటీకి ముందు వచ్చిన జూన్ 30 నాటికి లెక్క. ఫైనలియర్‌లో చాలామందికి దారి ఇక్కడే మూసుకుపోతుంది.

కోటా సంగతేంటి?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. కాబట్టి అవకాశం నిజమే. కానీ ‘పాల్గొన్నాడు’ అని రాసిన ప్రతి కాగితమూ అక్కడ చెల్లదు. నోటిఫికేషన్‌లోని జాబితాలో ఆ ఆట ఉండాలి. నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ ఉండాలి. కేంద్ర ఉద్యోగాలకైతే దేశం తరఫున ఆడినవారికి జాతీయ సమాఖ్య ఇచ్చేది ఫారం-1. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికి యూనివర్సిటీ క్రీడా విభాగం ఇచ్చేది ఫారం-3. టోర్నీ నిర్వాహకులు ఇచ్చే రంగుల సర్టిఫికెట్ ఈ రెండింటిలో ఏదీ కాదు.

డబ్బు అడిగితే మీరు అడగాల్సినవి

* సెలక్షన్స్ ఎప్పుడు, ఎక్కడ జరిగాయి? ఆడకుండానే ‘ఎంపికయ్యారు’ అంటే అనుమానించాల్సిందే. మన మూడు ఊళ్లలో ఐస్ రింకే లేదు.

* మిమ్మల్ని పంపుతున్న సంస్థ పేరు వరల్డ్ కర్లింగ్ వెబ్‌సైట్‌లోని సభ్య దేశాల జాబితాలో, ఆ టోర్నీ పేరు పోటీల క్యాలెండర్‌లో ఉన్నాయా?

* ఫారం-1 ఇస్తామని లెటర్‌హెడ్ మీద రాసిస్తారా? డబ్బుకు సంస్థ పేరుతో రసీదు ఇస్తారా, లేక ఎవరి వ్యక్తిగత ఫోన్‌పేకో వేయమంటున్నారా?

వీటిలో ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా ఆగిపోండి. ఇప్పటికే కట్టేసి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయండి. సైబర్ మోసాలపై ఫిర్యాదుకు కేంద్రం పెట్టిన నంబరు ఇది.

ఆట మీద నిజంగా ఇష్టముంటే సంతోషమే. ఒలింపిక్స్ మ్యాచ్‌లు చూడండి, నేర్చుకోండి. కోటానే లక్ష్యమైతే మాత్రం రేపు కాలేజీకి వెళ్లగానే మీ పీడీ సార్‌ను కలవండి. కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్‌లో యూనివర్సిటీ జట్టు ఎంపికలు ఎప్పుడో అడగండి. ఆ ప్రశ్నకు ఖర్చేమీ లేదు.

ఇంతకీ మా తమ్ముడు మొదటి ప్రశ్న ఒక్కటే పంపాడు, ‘‘సెలక్షన్స్ ఎక్కడ జరిగాయి సార్?’’ అని. అవతల రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు. లక్ష మాత్రం నాన్న దగ్గరే ఉంది.