ఇంటిలోని ధ్వనియంత్రములు: గృహిణి యెఱుగవలసిన విషయములు

పాట వినబడని యిల్లు మన దేశమున నరుదు. వేకువను భక్తిగీతము, మధ్యాహ్నమున నాటకము, రాత్రి సినిమాపాట, ఏదో యొక ధ్వని యింటివారికి తోడుగా నుండవలసినదే. పూర్వము ఊరిలో నెవరి యింటనైన గ్రామఫోను పెట్టె యున్నచో ఇరుగుపొరుగువా రందఱు నచ్చట చేరెడివారు. ఆ పెట్టెకు కీ యిచ్చి త్రిప్పుటయే కాని విద్యుత్తుతో పని లేకుండెను. 1938వ సంవత్సరము జూను 16వ తేదీన మదరాసునందును, 1948వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన విజయవాడయందును రేడియో కేంద్రములు ప్రారంభమైన పిమ్మట తెలుగువారి యిండ్లలో రేడియో కుటుంబములోని మనిషివలె కుదురుకొనెను. నేడు దానికి తోడు టెలివిజనుకు ఇరుప్రక్కల స్పీకర్లు, వానిని నడపు ఆంప్లిఫయరు, వంటయింటి గట్టుపై బ్లూటూత్ స్పీకరు, పిల్లల చెవులలో ఇయర్‌ఫోనులు వచ్చి చేరినవి.

ఇట్టి యంత్రము నొకదానిని కొనునపుడు జరుగు వ్యవహారమును మన సోదరీమణు లెఱుగుదురు. ఎన్ని వాట్లని పురుషు లడుగుదురు, అంగడివాడు చెప్పును, బేరము కుదురును, పెట్టె యింటికి వచ్చును. అటుపిమ్మట ప్రతిదినము దానిపై దుమ్ము దులుపుట, దాని క్రింది నేల తుడుచుట, దాని చెంతకు ప్రాకు పసిబిడ్డను కనిపెట్టియుండుట పెక్కిండ్లలో గృహిణి వంతు. అయినను ఆ యంత్రముతో నెట్లు మెలగవలయునో ఆమెకు జెప్పువా రుండరు. "అది నీకు తెలియదులే" యని మాట తేల్చివేయుదురు. ఈ మాట మాకు సమ్మతము గాదు. పొయ్యిని గూర్చియు గ్యాసుబండను గూర్చియు తెలిసికొన్న గృహిణి దీనిని గూర్చి తెలిసికొనలేకపోదు. ధ్వనియంత్రములవలన రెండు కీడులు గలవు. మొదటిది విద్యుత్తువలన క్షణములో వచ్చునది. రెండవది ధ్వనివలన ఏండ్లతరబడి చడిచప్పుడు లేక వచ్చునది. రెంటిని గూర్చియు మాకు తెలిసినంత యిచ్చట మనవి చేయుచున్నాము.

మూడవ పిన్ను

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. ప్రాణము దీయుట కది చాలును. లోహపు పెట్టె గల ఆంప్లిఫయర్లకు తఱచుగా మూడు పిన్నుల ప్లగ్గు ఉండును. అందొక పిన్ను తక్కిన రెంటికంటె పొడవుగను లావుగను ఉండును. అదియే ఎర్తు పిన్ను. ప్లగ్గు పెట్టునపుడు మొదట తగులునదియు, తీయునపుడు చివర విడుచునదియు అదియే. పెట్టెలోపల తీగ యూడి లోహమును తాకినచో విద్యుత్తు మన చేతిగుండ గాక ఎర్తు తీగగుండ పోవుటకై దాని నేర్పఱచిరి. గోడలో రెండు రంధ్రముల సాకెట్టు మాత్రమే యున్నదని కొందఱా పిన్నును విఱుగగొట్టుదురు. కొందఱు రెండు పిన్నుల అడాప్టరు నడుమ తగిలింతురు. యంత్రము ఎప్పటివలె పాటలు వినిపించుచునే యుండును గాన తప్పేమియు కనబడదు. కావలివానిని పంపివేసి తలుపు తీసియుంచి నిద్రించుట యెట్టిదో యిదియు నట్టిదే.

కొన్ని యంత్రములపై ఒక చతురస్రములో మఱియొక చిన్న చతురస్రము గీసిన గుఱుతు ఉండును. అవి రెండు వరుసల రక్షణతో చేయబడినవి. వానికి ఎర్తు అక్కఱలేదు. మూడు పిన్నులతో వచ్చినదానిని మాత్రము మూడు పిన్నులతోనే వాడవలయును.

ఫ్యూజు ఉన్నది, ఎం.సి.బి. ఉన్నది గదా యని నిశ్చింతగా నుండువారు గలరు. అవి తీగ వేడెక్కి మండకుండ కాపాడును గాని, మనిషికి తగిలినంతమాత్రమున విద్యుత్తును ఆపవు. మనిషి ప్రాణముకొఱ కుద్దేశించినది ఆర్.సి.సి.బి. యను వేఱొక స్విచ్చు. 30 మిల్లీఆంపియర్ల విద్యుత్తు దారి తప్పినను అది లిప్తపాటులో సరఫరాను నిలుపును. దానిపై పరీక్షించుటకు చిన్న బొత్తాము ఉండును. నొక్కినపుడు స్విచ్చు పడిపోవలయును. పడిపోనిచో, లేక ఇంటిలో అట్టి స్విచ్చే లేనిచో, లైసెన్సు గల విద్యుత్తు పనివానిని పిలిపింపవలయును.

మన యిండ్లలో పండుగ వచ్చినచో బిందెలతో నీరు పోసి నేల కడుగుదురు. కావున ఎక్స్‌టెన్షను బోర్డును నేలపై నుంచరాదు. మోకాలికంటె ఎత్తున గోడకు బిగింపవలయును. కడుగుటకు ముందు స్విచ్చు ఆపి ప్లగ్గు తీయవలయును. తడిచేతితో దానిని ముట్టరాదు. ఒక బోర్డునకు మఱియొక బోర్డు తగిలించుటయు, పాటల పెట్టెయు ఇస్త్రీపెట్టెయు ఒక్క బోర్డుననే పెట్టుటయు కూడదు. తీగలను తివాచీ క్రిందను, తలుపు సందునను నడిపినచో అవి నలిగి లోపలి రాగి బయటపడును. ఎలుకలు తిరుగు ఇంట తీగలను నెలకొకమాఱైన ఆ చివరనుండి ఈ చివరవఱకు చూచుకొనవలయును.

పెట్టె నుంచు తావు

ఆంప్లిఫయరు పని చేయునపుడు వేడెక్కును. ఆ వేడి బయటికి పోవుటకే దాని పైకప్పున సందులుండును. మనవారు ముచ్చటపడి దానిపై కుట్టుపని చేసిన గుడ్డ కప్పుదురు. లేక అద్దాల బీరువాలో నిఱికించి పెట్టుదురు. చుట్టును నాలుగైదు అంగుళముల ఖాళీ విడిచి, పైన నేమియు కప్పకుండ నుంచుట మేలు. వాడనపుడు దుమ్ము పడకుండ గుడ్డ కప్పినను, స్విచ్చు వేయుటకు ముందు తీసివేయవలయును. పూలకూజా, మంచినీళ్ళ గ్లాసు, వెలుగుచున్న దీపము, అగరువత్తి వీనిలో నేదియు దానిపై నుంచరాదు.

నిలువెత్తు స్పీకరును పసిబిడ్డ పట్టుకొని నిలుచుటకు ప్రయత్నించును. అది మీద పడకుండ గోడకు పట్టీతో బిగింపవలయును. గోడపై తగిలించు స్పీకరునకు, దాని బరువును మోయదగిన బ్రాకెట్టును ఇటుక గోడలో మరలతో దిగగొట్టింపవలయును. ఒక్క మేకు చాలదు.

తుడుచునపుడు ప్లగ్గు తీసి పొడిగుడ్డ వాడవలయును. చీమలు దూఱినవనియో, బల్లి చచ్చినదనియో పెట్టె మూత విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటకూడ లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతకాలము నిలిచియుండును. పాత వాల్వు రేడియోలలో నది వందల వోల్టులుగా నుండును. అది పనివాడు చూడవలసిన పని.

తీగలను కూర్చుట

స్పీకరు తీగలను తగిలించునపుడు విద్యుత్తు పూర్తిగా ఆపియుండవలయును. ఎఱ్ఱదానిని ఎఱ్ఱదానికి, నల్లదానిని నల్లదానికి కలుపవలయును. తీగ కొనలోని సన్నని పోగొక్కటి ప్రక్కదానిని తాకినను ఆంప్లిఫయరు చెడిపోవచ్చును. కావున పోగులను మెలిపెట్టి బిగింపవలయును. స్పీకరు వెనుక 4, 6, 8 ఓములని వ్రాసియుండును. ఆంప్లిఫయరు 8 ఓములకు తక్కువ పనికిరాదని చెప్పినచో, 4 ఓముల స్పీకరు తగిలింపరాదు. 8 ఓముల స్పీకర్లు రెండింటిని ప్రక్కప్రక్కగా ఒక్క చోటనే కలిపినను అది 4 ఓములే యగును. అపుడు విద్యుత్తు ఎక్కువగా ప్రవహించి పెట్టె కాలును.

అట్టపెట్టెపై పి.ఎం.పి.ఓ. యని వ్రాసి వేలకొలది వాట్లు చూపుట కలదు. ఆ లెక్కను నమ్మరాదు, ఆర్.ఎం.ఎస్. యని వ్రాసినదే నిజమైన కొలత. మధ్యరకపు గదికి స్పీకరునకు ఇరువది ముప్పది వాట్లు చాలును. ఉఱుములు మెఱుపులు సమీపించుటకు మున్నే ప్లగ్గును, ఇంటిపైనుండి వచ్చు యాంటెన్నా తీగను ఊడదీయవలయును. పిడుగులు పడుచుండగా వానిని తాకరాదు.

పసిబిడ్డలు

చిన్న రిమోటులలో కొన్నింట రూపాయి బిళ్ళవంటి బ్యాటరీ యుండును. దీనివలని యపాయమును తల్లు లందఱు నెఱుగవలయును. బిడ్డ దానిని మ్రింగగా గొంతుకలో చిక్కినచో, రెండు గంటలలోనే లోపల తీవ్రమైన పుండు పడవచ్చును. బిడ్డ మ్రింగినదన్న అనుమానము కలిగినను వాంతి చేయింప ప్రయత్నింపక తత్‌క్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలయును. రిమోటు మూతకు మర యున్నదే కొనవలయును. మర లేనిచో మూతపై గట్టి పట్టీ అంటింపవలయును. బ్లూటూత్ స్పీకరును తలగడక్రింద నుంచి చార్జి చేయరాదు. దాని బ్యాటరీ ఉబ్బినట్లు కనబడినచో వాడుట మానవలయును.

ఆపద వచ్చినచో

మెయిన్ స్విచ్చు ఎచ్చట నున్నదో, దాని నెట్లు ఆపవలయునో ఇంటిలోని ప్రతివారును ఎఱిగియుండవలయును. విద్యుత్తు తగిలినవానిని చేతితో పట్టి లాగినచో లాగినవారికిని తగులును. మొదట మెయిన్ ఆపవలయును. అది వీలుకానిచో పొడి చెక్కపై నిలిచి పొడి కఱ్ఱతో తీగను త్రోయవలయును. పిదప 108కి ఫోను చేయవలయును. ఊపిరి ఆడనిచో ఱొమ్ము నొత్తుట వెంటనే ప్రారంభింపవలయును; ఈ విద్యను ఇంటికొకరైన ముందుగా నేర్చియుండుట మంచిది. పైకి గాయము కనబడకున్నను వైద్యునికి చూపక మానరాదు. యంత్రమునుండి పొగ వచ్చినచో నీరు పోయరాదు. మెయిన్ ఆపి, పొడి యిసుకతోనో, విద్యుత్తు మంటలకు పనికివచ్చు పొడి సిలిండరుతోనో ఆర్పవలయును. మంట పెరిగినచో అందఱు బయటికి వచ్చి 101కి ఫోను చేయవలయును.

చెవి

ఇంతవఱకు చెప్పినది క్షణములో వచ్చు కీడు. ఇక రెండవది. విద్యుత్తు తగిలినచో కేక వినబడును. చెవి చెడునపుడు ఏ కేకయు ఉండదు. మన చెవిలోపల నత్తగుల్లవంటి భాగమున సుమారు 15,000 సూక్ష్మమైన రోమకణము లుండును. ధ్వనిని మెదడునకు తెలుపునవి అవియే. అధికధ్వనివలన నశించిన కణము మనుష్యులలో తిరిగి మొలవదు. పుట్టుకతో వచ్చినవానినే జీవితాంతము పొదుపుగా వాడుకొనవలయును.

ధ్వనిని డెసిబెల్లులలో కొలుతురు. మనము మామూలుగా మాటాడుకొనునది 60 డెసిబెల్లుల ప్రాంతము. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినదాని ప్రకారము పెద్దలు 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. పిల్లల విషయమున ఆ హద్దు 75. ప్రతి మూడు డెసిబెల్లులకు ధ్వనిశక్తి రెట్టింపగును, వినదగిన కాలము సగమగును. కావుననే 90 డెసిబెల్లులైనచో వారమునకు 4 గంటలు, 100 అయినచో 20 నిమిషములు మాత్రమే.

కొలుచు యంత్రము లేకున్నను గృహిణి దీనిని కనిపెట్టవచ్చును. పాట మ్రోగుచుండగా బారెడు దూరమున నున్నవారితో గొంతు పెంచి మాటాడవలసివచ్చినచో ధ్వని మితిమీఱినట్లే. పాట ఆపిన పిమ్మట చెవులలో గింగురుమని మ్రోతయున్నచో చెవికి దెబ్బ తగిలినట్లే. ఇయర్‌ఫోనులు పెట్టుకొను పిల్లలు గరిష్ఠధ్వనిలో నూటికి 60 వంతులు దాటనీయరాదు. నడుమ నడుమ చెవులకు విశ్రాంతి నీయవలయును. ఫోనులోనే ఈ హద్దును ఏర్పఱచుటకు వీలున్నది. పిలిచిన పలుకని బిడ్డను అవిధేయుడని తిట్టుటకు ముందు వినికిడి పరీక్ష చేయింపుడు.

ఉయ్యెలలోని శిశువు తలదాపున ఫోనుంచి జోలపాట మ్రోగించు వాడుక నేడు ప్రబలినది. ఆ ఫోను ఉయ్యెలకు ఏడడుగుల దూరమున, మెల్లని ధ్వనితో నుండవలయును. తల్లి పాడుట యింకను మేలు. అట్లే ఇంటిలోని వృద్ధులు తమకు వినబడుట లేదని టెలివిజను ధ్వనిని పెంచుచుందురు. వారిని విసుగుకొనుట తగదు. ఆ ధ్వనివలన వారి చెవి బాగుపడదు, ఇతరుల చెవులు చెడును. వారిని చెవివైద్యునికి చూపి, అవసరమైనచో వినికిడి యంత్రము నమర్పించుట నిజమైన సేవ.

పొరుగు

మన గోడతో మన పాట ఆగిపోదు. పొరుగింట పరీక్షకు చదువు విద్యార్థి, బాలింత, జ్వరముతో పడియున్న వృద్ధుడు ఉండవచ్చును. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55 డెసిబెల్లులును, రాత్రి పదిగంటలనుండి ఉదయ మాఱుగంటలవఱకు 45 డెసిబెల్లులును హద్దుగా నేర్పఱచినవి. సొంత యింటి ధ్వనియంత్రమైనను, ఇంటి సరిహద్దువద్ద ఆ హద్దును 5 డెసిబెల్లులకంటె మించరాదు. చట్టముకొఱకు గాకున్నను ఇరుగుపొరుగు మంచికొఱకు దీనిని పాటింపవలయును. స్పీకరును ఉమ్మడి గోడకు ఆనించక జానెడు ముందునకు జరిపి, క్రింద రబ్బరు బిళ్ళలు పెట్టినచో అదరు చాలవఱకు తగ్గును.

ఈ వ్యాసము చదివిన సోదరీమణులు ఈ వారము ఒక్క గంట తీరిక చేసికొని తమ యింటి ధ్వనియంత్రము చెంతకు పోయి, ప్లగ్గును, తీగలను, పైకప్పు గుడ్డను, రిమోటు మూతను స్వయముగా చూడవలయునని కోరుచున్నాము. లోపము కనబడినచో బాగుచేయించువఱకు స్విచ్చు వేయనీయకుడు. "నీకు తెలియదులే" యను మాట వినవచ్చినచో, మూడవ పిన్ను ఎందులకో చెప్పుడని తిరిగి యడుగుడు.