నీలం మాత్రలు



పిల్లకి జ్వరం వచ్చి డాక్టరుగారు మాత్రలు రాసిస్తే మనం మందుల షాపులోనే నాలుగు ప్రశ్నలు అడుగుతాం. ఇది దేనికి, భోజనానికి ముందా తర్వాతా, వేడి చేస్తుందా అని. ఇంటికొచ్చాక అత్తగారు ఇంకో రెండు అడుగుతారు. మరి మన పిల్ల రోజూ ఏదో మాత్ర మింగుతోందన్న సంగతే మనకి తెలియకపోతే? ఒకరోజూ రెండ్రోజులూ కాదు, ఏళ్ల తరబడి! అలా జరిగిన ఒక దేశం కథ ఇవాళ చెబుతాను. కథ అన్నానే గాని, కోర్టులో రుజువైన సంగతి.

తూర్పు జర్మనీ అని ఒక దేశం ఉండేది. 1990లో పశ్చిమ జర్మనీతో కలిసిపోయింది. జనాభా కోటీ డెబ్భై లక్షల లోపే. అయినా ఒలింపిక్ పోటీల్లో అమెరికా, రష్యాల సరసన నిలబడేది. 1972లో మ్యూనిచ్‌లో ఆ దేశపు ఆడపిల్లలకి ఈతలో ఒక్క బంగారు పతకమూ రాలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1976లో మాంట్రియల్‌లో, 13 పోటీలకి 11 బంగారు పతకాలు వాళ్లవే! కొర్నేలియా ఎండర్ అనే 17 ఏళ్ల పిల్ల ఒక్కతే నాలుగు గెలుచుకుంది. వాళ్ల గొంతులు మగవాళ్ల గొంతుల్లా ఉన్నాయేమిటని అమెరికా ఈతగత్తె షిర్లీ బాబషాఫ్ అనుమానం వెలిబుచ్చింది. ఓడిపోయిన ఉక్రోషం కొద్దీ అంటోందని పత్రికలవాళ్లు ఆమెనే ఎగతాళి చేశారు. మేం ఈదడానికి వచ్చాం గాని పాటలు పాడడానికి కాదని తూర్పు జర్మనీ వాళ్లు కొట్టిపారేశారట. అందరూ నవ్వి ఊరుకున్నారు.

అసలు సంగతేమిటంటే, 1974లో ఆ ప్రభుత్వం రహస్యంగా ఒక పథకం వేసుకుంది. ఆటల్లో చురుకైన పిల్లల్ని చిన్నప్పుడే ఏరి, ప్రత్యేకమైన ఆటల పాఠశాలల్లో, హాస్టళ్లలో పెట్టి తర్ఫీదు ఇచ్చేవారు. తమ పిల్ల ఎంపికైందంటే ఏ తల్లికి మాత్రం గర్వంగా ఉండదు? అక్కడ శిక్షకులు పిల్లల చేతిలో నీలం రంగు మాత్రలు పెట్టేవారు. ఏమిటివి అంటే విటమిన్లు అనేవారు. పదమూడూ పద్నాలుగేళ్ల పిల్లలు. నాన్నంత నమ్మకంగా చూసుకునే శిక్షకుడు ఇస్తే మింగకేం చేస్తారు? ఇంట్లోవాళ్లకి ఎవరూ కబురు చెయ్యలేదు, అనుమతీ అడగలేదు.

ఆ మాత్ర పేరు ఓరల్ ట్యురినబాల్. యేనాఫార్మ్ అనే మందుల సంస్థ తయారుచేసేది. మగవాళ్లలో గడ్డం మీసాలు మొలిపించి, కండ పెంచే టెస్టోస్టిరోన్ అనే హార్మోను ఉంది చూడండి, దాన్ని పోలినదే ఇది. ఆ హార్మోను ఆడవాళ్ల ఒంట్లోనూ ఉంటుంది, పప్పులో ఇంగువలా, చిటికెడు. ఆ చిటికెడుతోనే సరిపోయే ఒంట్లో రోజూ చారెడు కుమ్మరిస్తే ఏమవుతుంది? కండ పెరుగుతుంది. అలుపు త్వరగా తీరుతుంది, అందుకని ఇంకా ఇంకా సాధన చెయ్యగలుగుతారు. మగవాళ్లలో అది ముందే దండిగా ఉంది గనుక వాళ్లకి కొంతే లాభం. అసలు లాభం ఆడవాళ్లలో, మరీ చిన్నపిల్లల్లో. అందుకే ఆ పెద్దమనుషులు ఆడపిల్లల మీద పడ్డారు.

తర్వాత బాకీ తీర్చుకోవలసింది ఆ పిల్లలే. గొంతు బొంగురుపోయేది. అలా మారిన గొంతు మాత్ర మానేసినా తిరిగి రాదు. మొహం నిండా మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, నెలసరి తప్పిపోవడం. కాలేయం దెబ్బతినడం, పెళ్లయ్యాక గర్భం నిలవకపోవడం... చెప్పుకుంటూపోతే చాలా ఉన్నాయి.

మరి పరీక్షల్లో పట్టుబడరా అంటారేమో. 1977లో ఇలోనా స్లుపియానెక్ అనే క్రీడాకారిణి పట్టుబడింది. దానితో వాళ్లకి బుద్ధి రావలసిందిపోయి తెలివి వచ్చింది! పోటీకి కొన్నాళ్ల ముందే మాత్రలు ఆపేసి, క్రైషా అనే ఊళ్లో తమ ప్రయోగశాలలోనే ముందుగా పరీక్ష చేసేవారు. మందు జాడ ఇంకా కనిపిస్తే ఆ పిల్ల విమానం ఎక్కేది కాదు. కాలు బెణికిందనో, ఒంట్లో బాగోలేదనో ప్రకటన వచ్చేది. దొంగని పట్టుకోవలసిన వాడే దొంగకి దారి చూపించాడన్నమాట.

హైడీ క్రీగర్ అనే పిల్ల బెర్లిన్‌లో ఇనుపగుండు విసరడం నేర్చుకుంది. పదహారో ఏట ఆమె చేతిలో నీలం మాత్రలు పెట్టడం మొదలుపెట్టారు. 1986లో, ఆ ఒక్క సంవత్సరంలోనే, దాదాపు 2,600 మిల్లీగ్రాములు మింగించినట్టు తర్వాత కాగితాల్లో తేలింది. ఆ ఏడే స్టుట్‌గార్ట్‌లో 21.10 మీటర్లు విసిరి ఐరోపా విజేత అయింది. ఆ తర్వాత మోకాళ్లూ నడుమూ నొప్పులతో కొన్నేళ్లకే ఆట మానేసింది. అద్దంలో కనిపిస్తున్న మనిషి తనో కాదో తెలియని స్థితి. 1997లో శస్త్రచికిత్స చేయించుకుని ఆండ్రియాస్ అనే పేరుతో మగవాడిగా బతకడం మొదలుపెట్టారు. చిన్నప్పటినుంచీ తాను ఆడా మగా అన్న సందిగ్ధం తనలో ఉండేదనీ, అయితే ఆ సంగతి తేల్చుకునే హక్కు తనకి లేకుండా చేశారనీ ఆయన చెప్పుకున్న బాధ. అది ఎవరి తప్పు చెప్పండి?

రహస్యాలు ఎలా బయటపడ్డాయో కూడా చెప్పాలి. రెండు జర్మనీలూ కలిశాక, ఒకప్పుడు డిస్కస్ విసిరిన బ్రిగిట్టె బెరెన్‌డోంక్ అనే ఆవిడా, ఆవిడ భర్త శాస్త్రజ్ఞుడు వెర్నర్ ఫ్రాంకే గారూ కలిసి సైనిక వైద్యుల దగ్గరున్న దస్తరాలు సంపాదించారు. ఎవరికి ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారో పేర్లతో సహా రాసి పెట్టుకున్నారు ఆ మహానుభావులు! మనం పాలవాడి లెక్క రాసుకున్నంత శ్రద్ధగా. 2000లో బెర్లిన్ కోర్టులో విచారణ జరిగింది. క్రీడల పెద్ద మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కి 22 నెలలు, వైద్యుడు మన్‌ఫ్రెడ్ హెప్నర్‌కి 18 నెలలు శిక్ష. అదీ జైలుకి పోనక్కరలేని శిక్ష. అక్కడ 142 మంది స్త్రీల తరఫున ఆరోపణలు వచ్చాయి. నా మట్టుకు నాకు ఆ శిక్ష ఏ మూలకీ చాలదనిపిస్తుంది.

ఆ పిల్లలు సాధన చెయ్యలేదా అంటే, చేశారు. తెల్లవారుజామున లేచి, చలిలో, ఒళ్లు హూనమయ్యేట్టు. అయితే గెలిచిన దాంట్లో తమ కష్టం ఎంతో, మాత్ర చలవ ఎంతో ఇప్పుడు వాళ్లకే తెలియదు. కరోలా నిచ్కె అనే ఈతగత్తె 1998లో తన పతకాలు తిరిగి ఇచ్చేసి, రికార్డు పుస్తకాల్లోంచి తన పేరు కొట్టెయ్యమని కోరింది.

ఎక్కడి జర్మనీ, మనకెందుకు అనకండి. 2011లో మన దేశపు పరుగు క్రీడాకారిణులు ఆరుగురు పరీక్షలో దొరికిపోయారు. అంతకుముందు ఏడాదే ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రిలేలో బంగారం తెచ్చిన పిల్లలు ముగ్గురు వాళ్లలో ఉన్నారు. శిక్షకుడు ఇచ్చిన జిన్సెంగ్ బలం మందులో ఏదో కలిసి ఉంటుంది, మాకు తెలియదు అన్నారు. ఆఖరికి రెండేళ్ల నిషేధం పడింది. ఈనాటి నియమం ప్రకారం ఒంట్లోకి పోయిన దానికి క్రీడాకారుడే జవాబుదారీ. తెలియదంటే శిక్ష కాస్త తగ్గవచ్చునేమో గాని తప్పు మాసిపోదు. డబ్బా మీద రాయని మందులు లోపల కలిసి ఉన్న బలవర్ధక పొడులు చాలా దేశాల్లో పట్టుబడ్డాయి కూడా. మన పిల్లో పిల్లాడో మైదానం నుంచి వస్తూ అలాంటి డబ్బా తెస్తే, అది ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఆండ్రియాస్ గారికి ఆ కోర్టు విచారణ రోజుల్లోనే ఉటె క్రౌజె అనే ఆవిడతో పరిచయమైంది. ఆవిడా ఒకప్పటి ఈతగత్తె, ఆ మాత్రలే మింగిన మనిషి. ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. స్టుట్‌గార్ట్‌లో గెలిచిన బంగారు పతకాన్ని మాత్రం ఆండ్రియాస్ ఇంట్లో ఉంచుకోలేదు. దాన్ని ఒక జ్ఞాపికలో అమర్చి, ఇలాంటి మందులకి వ్యతిరేకంగా పాటుపడే వారికి ఇచ్చే బహుమతిగా చేశారు. దాని పేరు హైడీ క్రీగర్ పతకం.