కుదురులేని పిల్లలు: ప్రశ్నావళి చెప్పేదెంత?

"ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడండీ" అని టీచరు అంటే తల్లిదండ్రులకు దిగులు పట్టుకుంటుంది. అది వయసు అల్లరా, ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రత లోపమా? రక్తపరీక్షతోనో స్కానుతోనో తేలే విషయం కాదిది. పిల్లల్ని రోజూ చూసేవాళ్లనే అడగాలి. ప్రశ్నావళుల అవసరం అక్కడే వచ్చింది.

అమెరికా మనస్తత్వవేత్త కీత్ కానర్స్ టీచర్ల కోసం 1969లోనే ఒకటి ప్రచురించారు. ఇప్పుడు చాలామంది వాడే వాండర్‌బిల్ట్ ప్రశ్నావళిలో మొదటి 18 అంశాలు ఏడీహెచ్‌డీ లక్షణాలవే. తొమ్మిది ఏకాగ్రతకు, తొమ్మిది అతిచురుకుదనానికీ తొందరపాటుకూ సంబంధించినవి. వస్తువులు తరచూ పారేసుకుంటున్నాడా, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తున్నాడా అని అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేయమంటారు. ఏదో ఒక తొమ్మిదింటిలో ఆరింటికైనా 2 లేదా 3 పడి, చదువులోనో స్నేహాల్లోనో ఇబ్బంది కనిపిస్తే వైద్యులకు చూపించాలి.

చూపించాలంతే, జబ్బు ఉన్నట్టు కాదు. ఒక లెక్క వేద్దాం. వెయ్యిమంది పిల్లల్లో 50 మందికి ఏడీహెచ్‌డీ ఉందనుకుందాం. ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేసే మంచి ప్రశ్నావళే మన దగ్గరుందనుకుందాం. అది 135 మందిని వేరుచేస్తుంది. వారిలో 95 మందికి ఏడీహెచ్‌డీ లేదు! అసలున్న పదిమంది తప్పిపోతారు కూడా. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లలు ఇలా తప్పిపోవడం ఎక్కువ.

తరగతిలో వయసు తేడా కూడా లెక్కలోకి వస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. అక్కడ ఒకే ఏడాది బడిలో చేరేవారిలో డిసెంబరులో పుట్టినవాళ్లే చిన్నవాళ్లు. జనవరిలో పుట్టిన మగపిల్లలకంటే డిసెంబరు మగపిల్లలకు ఏడీహెచ్‌డీ ఉందని తేల్చడం 30 శాతం ఎక్కువ. పసితనమే జబ్బుగా కనిపించిందన్నమాట.

అందుకే వైద్యులు బడినీ ఇంటినీ విడివిడిగా అడుగుతారు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఆరు నెలలకు తక్కువ కాకుండా, కనీసం రెండుచోట్ల కనిపించాలి. మంగళగిరిలో గుంట మగ్గం ముందు పొద్దంతా కూర్చునే తల్లికి వీధిలో పరుగులు తీసే కొడుకు హుషారుగానే కనిపిస్తాడు. నలభైమంది మధ్య అదే పిల్లాడు టీచరుకు సమస్య. ఇద్దరి జవాబులు కలవకపోతే ఎందుకో వెతకాలి. చూపు మందగించిందా, చెవి సరిగ్గా వినిపించడం లేదా, నిద్ర చాలడం లేదా, అక్షరాలు పోల్చుకోవడమే కష్టంగా ఉందా?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడిపిల్లల్లో గుర్తించాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 ఉంది. బడులు ఫారాలు పంచేముందే ఈ దారి సిద్ధం చేసుకోవాలి. పరీక్షించే వైద్యుడు, నడవడిక శిక్షణ, తల్లిదండ్రులకు సలహా దొరికేలా చూడకుండా మార్కులు మాత్రం లెక్కపెడితే, పిల్లలకు మిగిలేది ఒక ముద్రే.